ఆమోసు అలాంజో స్టాగు

మన బాలురకు ఫుట్‌బాలనగా గుండ్రని బంతిని కాలితో తన్ను ఆటయే తోచును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేరు మరియొక ఆటకు చెల్లుచున్నది. అందు బంతి కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. జట్టునకు పదునొకండుగురు. బంతిని చంకనిడుకొని పరుగెత్తువానిని, మన చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టినట్లు, ఎదుటి జట్టువారు పట్టి నేలగూల్తురు. నాలుగు విడుతలలో పది గజములైనను ముందునకు సాగనియెడల బంతి పరుల వశమగును. మైదానపు కొసనున్న గీతకావలికి బంతిని గొనిపోయినచో ఆరు పాయింట్లు. క్రొత్తగా చూచువారికి వట్టి పెనుగులాటవలె గానవచ్చును గాని, ప్రతి విడుతకును ముందుగా ఏర్పరచుకొన్న యుక్తి యొకటి యుండును. ఆ యుక్తులు పన్నువాడు ఆట నేర్పు గురువు. వానిని కోచి అందురు.

ఈ యాటను రమారమి డెబ్బది యేండ్లు కళాశాలా బాలురకు నేర్పి, నూటరెండేండ్లు జీవించి, 1965లో కాలధర్మము నొందిన ఆమోసు అలాంజో స్టాగు చరిత్రమును ఈ సంచికలో చెప్పదలచితిమి. ఆటలమీద మనసు పోయిన పిల్లవాడు చదువునకు దూరమగునని భయపడు తలిదండ్రులు మన పత్రిక చదువువారిలో ననేకులు గలరు. ఆ భయము వట్టిదని మేమనము. స్టాగు జీవితమున ఆ భయమునకు సమాధానమును గలదు, ఆ భయమునకు బలము చేకూర్చు సంగతియు గలదు. ఒకటి చెప్పి యొకటి దాచుట న్యాయము గాదు గనుక రెండును చెప్పెదము.

ఆయన న్యూజెర్సీ రాష్ట్రమందలి వెస్ట్ ఆరెంజి అను ఊర 1862వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీని జన్మించెను. అప్పుడా దేశమున అంతర్యుద్ధము జరుగుచుండెను. తండ్రి చెప్పులు కుట్టి జీవించువాడు. ఎనమండుగురు బిడ్డలలో ఈతడైదవవాడు. ఇరుగుపొరుగు ఇండ్ల చిల్లరపనులు చేసి, ఆ కూలిడబ్బులతో ఉన్నత పాఠశాల జీతము కట్టుకొనెను. పిదప ఎక్సెటరు పట్టణపు పాఠశాలలో ఒక యేడు చదివెను. అచ్చట చలికాలమున నిప్పులేని మిద్దెగదిలో నివసించి, ఎండురొట్టెయు పాలును ఆహారముగా దినములు గడపెను. 1884లో యేలు విశ్వవిద్యాలయమున చేరెను. పాదిరియై సువార్త ప్రకటింపవలెనని ఆతని సంకల్పము.

యేలులో ఆతనికి కీర్తి తెచ్చినది బేస్‌బాలు. అందు బంతి విసరుటలో ఆ కాలపు విద్యార్థులలో ఆతనికి సాటి యరుదు. కూలికి ఆడు జట్లవారు పెద్ద జీతములు చూపి పిలిచిరి. ఎండురొట్టెలు తిని చదివిన చెప్పులుకుట్టువాని కుమారుడు ఆ ధనమును వలదనెను. ఆట డబ్బునకు అమ్మదగినది కాదని ఆతని నమ్మకము. 1889లో దేశమందలి కళాశాలలన్నిటినుండి పదునొకండుగురు మేటి ఫుట్‌బాలు ఆటగాండ్ర నేరి తొలి జాబితా యొకటి ప్రకటించినప్పుడు అందు స్టాగు పేరును చేరెను.

అప్పటికాతడు యేలులోనే వేదాంతవిద్య నభ్యసించుచుండెను. ఆతనికి హీబ్రూ భాషయు బైబిలును బోధించిన పండితుడు విలియము రెయినీ హార్పరు. చదువు సాగెను గాని, ప్రసంగవేదిక నెక్కినంతనే స్టాగునకు మాట తడబడుచుండెను. ఎంత ప్రయత్నించినను సభలో ధారాళముగ మాటాడుట అలవడలేదు. చిన్ననాటినుండి పెంచుకొన్న కోరిక అచ్చట ముగిసినది. ఇరువదియెనిమిదేండ్ల వయసున, తాను పనికిరానని తనకే రూఢియైన పిదప, ఆతడు మరియొక త్రోవ వెదకుకొనవలసివచ్చెను.

ఆ త్రోవ స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున దొరకెను. అచ్చట వై.ఎం.సి.ఏ. వారు శరీరవ్యాయామోపాధ్యాయులను తయారుచేయు విద్యాలయమును నడపుచుండిరి. 1890లో స్టాగు అందు ప్రవేశించి ఫుట్‌బాలు జట్టును కూర్చెను. ఆ జట్టులో ఆడినవారిలో జేమ్సు నెయిస్మిత్తు ఒకడు. ఆయనయు వేదాంతవిద్య ముగించి వచ్చినవాడే. 1891 డిసెంబరులో నెయిస్మిత్తు చలికాలమున ఇంటిలోపల ఆడుటకై, బుట్టలు కట్టించి బాస్కెట్‌బాలును కల్పించెను. మరుసటి యేడు మార్చి 11న విద్యార్థులకును ఉపాధ్యాయులకును జరిగిన బహిరంగపు పోటీలో ఉపాధ్యాయులు ఒకటికి అయిదుగా ఓడిపోయిరి. వారికి వచ్చిన ఆ యొక్క పాయింటును సాధించినవాడు స్టాగు. ఈ విద్యాలయమునందే పిమ్మట శిక్షణ పొందిన హ్యారీ క్రో బక్ అను నాతడు మద్రాసునకు వచ్చి, 1920లో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. మన పాఠశాలల డ్రిల్లు మేష్టర్లలో అనేకులు అచ్చట తరిఫీయతు పొందినవారే గనుక, స్టాగు కథ మనకు తోచునంత దూరపుది కాదు.

హార్పరు పండితుడు తన శిష్యుని మరువలేదు. చికాగో నగరమున క్రొత్తగా స్థాపింపబడు విశ్వవిద్యాలయమునకు ఆయన అధ్యక్షుడై, వ్యాయామశాఖను నడపుటకు స్టాగును పిలిచెను. జీతము సాలునకు 2,500 డాలర్లు. అంతకన్న గొప్ప సంగతి యేమనగా, ఆయనకు ఇతర పండితులతో సమానముగ ఆచార్యవర్గమున స్థిరమైన పదవి నిచ్చిరి. ఆట నేర్పువాడు వేసవి ముగియగనే వచ్చి పోటీలు ముగియగనే పోవు కూలివాడుగా గాక, గ్రీకు గణితములు బోధించువారి సరసన కూర్చుండుట ఆ దేశమున అదివరకు దాదాపు లేనిమాట. ప్రసంగవేదికమీద ఓడినవానికి మైదానమే బోధపీఠమైనది.

1892 అక్టోబరు 1న విశ్వవిద్యాలయము తెరచిరి. ఆ దినముననే స్టాగు బాలురను అభ్యాసమునకు పిలిచెను. వచ్చినవారు ఒక జట్టుకంటె కొంచెమే ఎక్కువ. కొరత తీర్చుటకు ఆ యేడు కోచియే ఆటగాడైనాడు. ఆ ప్రాంతపు ధనిక వర్తకుడు మార్షలు ఫీల్డు ఇచ్చిన ఖాళీస్థలమును స్టాగును విద్యార్థులును కలిసి చదునుచేసి కంచె కట్టిరి. అటుపిమ్మట నలువదియొక్క యేండ్లు ఆయన ఆ మైదానము విడువలేదు. దానికి స్టాగు మైదానమనియే పేరిడిరి. చికాగో జట్టు ఆయన చేతిక్రింద పశ్చిమ విశ్వవిద్యాలయముల కూటమిలో ఏడుమారులు ప్రథమస్థానము నొందెను.

ఆయన కొత్తగా కనిపెట్టినవని చెప్పబడునవి అనేకములు. పరుపును చుట్టి వ్రేలగట్టి, దానిమీదికురికి పట్టు నేర్చుకొనుట యేలులో నుండగనే ఆయనకు తట్టిన యుపాయము. ఆటగాండ్ర వీపులపై అంకెలు, ప్రతి విడుతకు ముందు గుమిగూడి రహస్యముగ మాటాడుకొనుట, బంతి కదలకముందే ఒకడు ప్రక్కకు పరుగిడి ఎదిరిని భ్రమింపజేయుట మున్నగువానిని ఆయనకు అంటగట్టుదురు. వీనిలో కొన్నిటికి వేరు హక్కుదారులును గలరు. 1893లో హెన్రీ విలియమ్సు అను మిత్రునితో గూడి, పటములతో ఈ యాటపై శాస్త్రగ్రంథము వంటిది వ్రాసి ప్రకటించెను.

ఆయన పొగ త్రాగడు, మద్యము ముట్టడు, బూతుమాట పలుకడు. అయితే కోపము రాదా యనిన మిక్కిలిగ వచ్చును. తప్పు చేసినవానిని గాడిద యనును. తప్పు పెద్దదైనచో రెండు గాడిదలనును. సహింపరానిదైనచో మూడు గాడిదలు. అంతకుమించిన తిట్టు ఆయన నిఘంటువులో లేదు. మైదానమున గాడిద కానివాడు లేడని శిష్యులు పెద్దవారైన తరువాత నవ్వుచు చెప్పుకొనుచుండిరి. మన యొజ్జలును ఈ పదమును విరివిగ వాడుదురు గాని లెక్కపెట్టి వాడినట్లు వినము.

1905వ సంవత్సరము ఈ యాటకు గండకాలము. ఆ యొక్క యేడు దేశమున పదునెనిమిదిమందికి తక్కువ గాకుండ బాలురు ఆటలో తగిలిన దెబ్బలచేత చనిపోయిరి. అధ్యక్షుడు థియొడోరు రూజ్‌వెల్టు ప్రముఖ కళాశాలలవారిని తన భవనమునకు పిలిపించి హెచ్చరించెను. ఆటనే నిషేధింపవలెనని పలువురు కోరిరి. అంతకు ముందేటినుండియే స్టాగు నియమసంఘమున సభ్యుడు. 1906లో నియమములను మార్చి, గుంపులు గుంపులుగ త్రోసికొనుటను తగ్గించి, బంతిని గాలిలో ముందునకు విసరుటకు అనుమతించిరి. ఈ విసరును తొలుత చక్కగ నుపయోగించుకొన్న కోచిలలో స్టాగు ఒకడు.

ఆ గండపు సంవత్సరముననే ఆయనకు గొప్ప విజయము లభించెను. మిచిగను విశ్వవిద్యాలయపు జట్టు యేబదియారు ఆటలలో ఓటమి నెరుగక వచ్చినది. నవంబరు 30న చికాగోలో 25,000 మందికి పైగా చూచుచుండగా పోటీ జరిగెను. హార్పరు అధ్యక్షుడు చేరువనే మరణశయ్యపై నుండెను. మరుసటి జనవరిలో చనిపోయెను. ఆట చాలసేపు ఎటును తేలలేదు. చికాగోవాడగు వాల్టరు ఎకర్సాలు తన్నిన బంతిని మిచిగను బాలుడొకడు తన గీత వెనుక పట్టుకొని, బయటకు పరుగిడబోయి పట్టుబడెను. అందుకు ఎదిరికి రెండు పాయింట్లు. ఆట రెండుకు సున్నగా ముగిసెను. చికాగో వీధులలో పండుగయైనది. పట్టుబడిన బాలుని మాత్రము పత్రికలు విడువలేదు. ఏండ్లు గడచినను లోకము విడువలేదు. 1932లో ఆతడు తన ప్రాణము తానే తీసికొనెను. స్టాగు విజయములను లెక్కించునప్పుడు మాకిది జ్ఞాపకము రాక మానదు. తప్పు స్టాగుది గాదు. గెలుపోటములను జీవన్మరణములుగ జేసిన గుంపుది. అయితే ఆ గుంపును మైదానమునకు రప్పించినవారిలో ఆయనయు గలడు.

ఎకర్సాలు సంగతియు చెప్పవలెను. వాడు చికాగోలోని ఉన్నత పాఠశాలనుండి వచ్చిన మెరికె. 1902 మొదలు స్టాగు పాఠశాలల బాలురకు ఏటేట పోటీలు పెట్టించుచుండెను. పేరునకు బాలురకు ఉత్సాహము కలిగించుట. దానితోపాటు బలమైనవారెవ్వరో కనిపెట్టుటయు జరుగుచుండెను. ఎకర్సాలు మూడేండ్లు దేశమంతట పేరుమోసెను గాని పట్టము పొందకయే విశ్వవిద్యాలయము విడిచెను. తరువాత పత్రికలలో ఆటల వార్తలు వ్రాసి జీవించెను. ఆటకు ధనము వలదనిన స్టాగు, ఆటకొరకు చదువు చెడిన బాలుని విషయమున కన్నులు కొంత మూసికొనెననియే మా యభిప్రాయము. తలిదండ్రుల భయమునకు బలమిచ్చునదని మేము మొదట ననినది ఇదియే.

ఇక రెండవ పక్షము. 1922 అక్టోబరు 28న ప్రిన్స్‌టను జట్టు చికాగోకు వచ్చెను. చివరి భాగము మొదలగునప్పటికి చికాగోకు పదునెనిమిది, ప్రిన్స్‌టనుకు ఏడు. చికాగోవారు మూడుమారులు గీత దాటిరి గాని, దాటిన ప్రతిమారును అదనముగ దొరకవలసిన ఒక్కొక్క పాయింటును సాధింపలేకపోయిరి. ప్రిన్స్‌టనువారు ఒక్కటియు జారవిడువలేదు. వారు పుంజుకొని ఇరువదియొకటి చేసిరి. సమయము ముగియవచ్చినది. చికాగోవారు బంతిని ఎదిరి గీత ముంగిటికి తెచ్చిరి. ఎదిరులందరు గుంపుగ అడ్డునిలిచిరి. గుంపుమీదుగా బంతిని విసరినచో గెలుపు చేతికందునని ప్రక్కన కూర్చున్నవారికి కనబడుచుండెను. ఒక క్రొత్త ఆటగానిని మార్పునెపమున లోనికి పంపి, విసరుమని చెప్పించిన చాలును. ఆనాడు స్టాగు చేతిక్రింద పనిచేసిన ఫ్రిట్జు క్రిస్లరు అట్లు చేయుదమన్నాడట. మైదానములోని బాలురే తమ బుద్ధితో ఆడవలెను గాని, బయటినుండి ఆ విధముగ సమాచారము పంపుట నియమసంఘమునకు సమ్మతము గాదని స్టాగు నిరాకరించెను. బాలురు గుంపులోనికే దూసికొని పోయిరి, గీత దాటలేకపోయిరి. పదునెనిమిదికి ఇరువదియొకటిగా ఆట పోయెను. ఆ నియమమును రహస్యముగ మీరినచో పట్టుకొనువా రెవ్వరును లేరు. ఈ కథను క్రిస్లరు తానే గొప్ప కోచియైన పిదప చెప్పుచుండెను.

1932లో స్టాగునకు డెబ్బదేండ్లు నిండెను. వయోనియమము ననుసరించి విశ్వవిద్యాలయమువారు ఆయనను కోచిపదవినుండి తప్పించి, పనిలేని గౌరవపదవి నియ్యజూచిరి. ఆయన దానిని తిరస్కరించెను. మరుసటి యేడు కాలిఫోర్నియాలోని స్టాక్టను పట్టణమునకు బోయి, పసిఫిక్ కళాశాల అను చిన్న మెథడిస్టు విద్యాలయమున కోచిగా చేరెను. మన దేశమున ఆ వయసువారు అరుగుమీద కూర్చుండి మనుమలకు కథలు చెప్పుదురు.

ఆయన వెంట భార్య స్టెల్లా యుండెను. ఈమెనుగూర్చి చెప్పక స్టాగు కథ పూర్తికాదు. ఈమె చికాగో విద్యార్థిని, 1894లో వివాహమైనది. భర్త ఉత్తరములు వ్రాయుట, లెక్కలు చూచుటతో బాటు, ఆటలు జరుగుచుండగా గట్టునకూర్చుండి ప్రతి విడుతను కాగితముమీద గుర్తించుచుండెను. పోనుపోను ఆమె స్కౌటు పనియు చేసెను. స్కౌటనగా ఇచ్చట మన స్కౌటు దళములోని బాలుడు గాడు. వచ్చువారము తమతో ఆడబోవు జట్టు ఈ వారము మరియొకరితో ఆడుచుండగా, ప్రేక్షకులలో గూర్చుండి, వారెట్లు నిలుచుందురో, ఎవ్వడు ఏ వైపు పరుగిడునో, అలసినప్పుడే యుక్తిని పట్టుకొందురో వ్రాసికొని వచ్చువారు. పూర్వరాజులు పరరాజ్యమునకు వేగులవారిని పంపినట్టిదే. కాని ఇది టిక్కెట్టు కొని బాహాటముగ చేయు వేగు. కాలిఫోర్నియాలో ఈ ముదుసలి యువతి, అట్లనుటకు మన్నింతురుగాక, ఎదిరి జట్లను చూచి పటములు గీసి తెచ్చినచో, ఆ పటములపైననే భర్త తన వ్యూహమును కట్టుచుండెను. స్త్రీలు ఈ యాట దరిచేరని కాలమున ఆమె ఆ పని చేసెను. జీతము మాత్రము ఆయనకే.

1938 నవంబరులో పసిఫిక్ జట్టు చికాగోకు ఆడబోయెను. తాను చదునుచేసిన నేలపై, తన పేరిటి మైదానమున, డెబ్బదియారేండ్ల స్టాగు ఎదుటి గట్టున కూర్చుండెను. పసిఫిక్ ముప్పదిరెండు, చికాగో సున్న. మరుసటి యేడు డిసెంబరులో చికాగోవారు ఈ యాటనే మానివేసిరి. ఖాళీపడిన ఆ మైదానపు పడమటి గట్టు క్రింద, 1942 డిసెంబరు 2న, ఎన్రికో ఫెర్మి మొదలగు శాస్త్రజ్ఞులు పరమాణువులను భేదించు క్రియను తొలిసారి తనంతట తాను సాగునట్లు చేసి, అదుపులో నుంచిరి. బాలురకు ఆరోగ్యము నిచ్చుటకై కట్టిన చోట ఆటంబాంబునకు దారి తెరువబడెను. 1957లో ఆ గట్టును పడగొట్టిరి. ఇప్పుడచ్చట గొప్ప గ్రంథాలయమున్నది.

1943లో పసిఫిక్ జట్టు తొమ్మిదాటలలో ఏడు గెలువగా, తోడి కోచిలు ఎనుబదియొక్క యేండ్ల స్టాగును ఆ యేటి శ్రేష్ఠునిగా నెన్నిరి. అయినను 1946లో ఆ కళాశాలవారును ఆయనను విశ్రాంతి తీసికొమ్మనిరి. విశ్రాంతి యను మాట ఆయనకు నచ్చదు. జ్యేష్ఠపుత్రుడు, తండ్రి పేరింటివాడే, పెన్సిల్వేనియాలోని సస్క్వెహన్నా విద్యాలయమున కోచి. 1947లో తండ్రి పోయి కుమారుని ప్రక్కన చేరెను. తండ్రికొడుకులు కలిసి నడపిన ఆ జట్టు 1951లో ఒక్క ఆటయు ఓడలేదు. ఆ యేడే ఆటగాడుగను కోచిగను రెండు విధముల ఆయన పేరు కళాశాలా ఫుట్‌బాలు కీర్తిమందిరమున చేరెను.

ఆయన జట్లు గెలిచిన ఆటలు 314 అని లెక్క. 1981లో బేరు బ్రయంటు అను మరియొక కోచి మించువరకు ఆ లెక్కను దాటినవారు లేరు.

1952 తరువాత స్టెల్లాకు ఆరోగ్యము చెడి, ఏటేట దేశమునకు ఆ కొసనుండి ఈ కొసకు ప్రయాణము చేయుట కష్టమయ్యెను. అందుచేత ఆయన సస్క్వెహన్నా పని మానుకొని స్టాక్టనులోనే యుండిపోయెను. పని మాత్రము మానలేదు. ఆ యూరి జూనియరు కళాశాల బాలురకు బంతి తన్నుట నేర్పుచు 1960 వరకు మైదానమునకు పోవుచుండెను. అప్పటికి తొంబదియెనిమిదేండ్లు. 1964లో స్టెల్లా చనిపోయెను. మరుసటి మార్చి 17న స్టాక్టనులోనే ఆయనయు కన్నుమూసెను.